అప్పు ఇంటి మీద, కారు అమెరికాలో: పాత ప్లగ్-ఇన్ హైబ్రిడ్ కొనాలా వద్దా, ఒక విజయనగరం కేసు

ప్రశ్న పంపింది కొడుకు, డల్లాస్ నుంచి. కాగితాలు పట్టుకుని నా దగ్గరకు వచ్చింది తండ్రి, విజయనగరం దాసన్నపేట నుంచి. 2018 మోడల్ టయోటా ప్రియస్ ప్రైమ్, 72 వేల మైళ్ళు తిరిగింది, ధర 18,500 డాలర్లు. లోను డీలరే ఇప్పిస్తాడట. పెట్రోలుతోనూ నడుస్తుంది, గోడకి ప్లగ్గు పెట్టి చార్జింగ్ కూడా చేసుకోవచ్చు. "ఖర్చు తగ్గుతాదంటన్నాడు మా గుంటడు. తీసుకోమందునా, వద్దందునా, మేనేజరు గారూ?" ఇదీ ఆయన అడిగింది.

బ్యాంకు నుంచి రిటైరయ్యాక నేను ఎక్కువగా చేస్తున్న పని ఇదే. అప్పుల్లో ఉన్న కుటుంబాలతో కూర్చుని, ఏ అప్పు ముందు తీర్చాలి, ఏది ఆగితే నష్టం లేదు, కొత్తగా ఏది చెయ్యకూడదు అని లెక్క కడతాను. ఈ మధ్య వచ్చేవాళ్ళలో పిల్లల విదేశీ చదువుకి ఇల్లు తాకట్టు పెట్టిన తల్లిదండ్రులే ఎక్కువ. అందుకే ఈ కేసుని అంకెలతో సహా పూర్తిగా రాస్తున్నాను. కుటుంబం ఒప్పుకుంది. గుర్తుపట్టే వివరాలు మార్చాను, లెక్కలు మార్చలేదు.

ఇంటి పరిస్థితి

తండ్రి ఆర్టీసీ గ్యారేజీలో మెకానిక్‌గా చేసి రిటైరయ్యారు. పెన్షన్ ఈపీఎస్ (పీఎఫ్‌తో పాటు వచ్చే ఉద్యోగుల పెన్షన్ పథకం) కింద వచ్చేది, నెలకి నాలుగు వేల పైచిలుకు. ఇప్పుడు ఒక ప్రైవేటు షెడ్డులో రోజూ కొన్ని గంటలు పని చేస్తున్నారు. తల్లి గృహిణి, చిన్నమ్మాయి బీటెక్ మూడో సంవత్సరం. అబ్బాయి 2023 ఆగస్టులో ఎంఎస్‌కి వెళ్ళాడు, 2025 మేలో పూర్తి చేశాడు. కొన్ని నెలలు ఖాళీగా ఉండి, సెప్టెంబరులో ఒక కాంట్రాక్టు ఉద్యోగంలో చేరాడు. ఏడాదికి 54 వేల డాలర్లు. పన్ను, ఆరోగ్య బీమా పోను చేతికి వచ్చేది నెలకి 3,950.

అప్పులు మూడు చోట్ల ఉన్నాయి. ఒకటి, ఇల్లు తాకట్టు పెట్టి తీసుకున్న ఎడ్యుకేషన్ లోను: నాలుగు విడతల్లో 34 లక్షలు, వడ్డీ 10.5 శాతం. చదువు అయ్యాక ఏడాది వరకు వాయిదా కట్టనక్కర్లేదు, కానీ వడ్డీ మాత్రం పడుతూనే ఉంటుంది. ఆ వడ్డీ అసలుకి కలిసి, 2026 జూన్‌లో వాయిదాలు మొదలయ్యేసరికి అప్పు 42 లక్షలు. పదేళ్ళకి లెక్క వేస్తే ఈఎంఐ 56,700 రూపాయలు. డాలరు 88 రూపాయల చొప్పున 644 డాలర్లు.

రెండోది అబ్బాయి క్రెడిట్ కార్డు. ఉద్యోగం లేని నెలల్లో అద్దె, తిండి దాని మీదే నడిచాయి. 8,000 పరిమితిలో 6,800 వాడేశాడు, వడ్డీ 24.99 శాతం.

మూడోది తండ్రి మొదట చెప్పలేదు. లోను మంజూరు కాకముందు విమానం టికెట్టుకి, మొదటి సెమిస్టరు ఫీజులో తక్కువపడిన దానికి ఊళ్ళో ఒకరి దగ్గర ప్రోనోటు మీద నాలుగు లక్షలు తెచ్చారు. నూటికి రెండు రూపాయల వడ్డీ. నెలకి ఎనిమిది వేలు. రెండేళ్ళుగా షెడ్డులో సంపాదించిందంతా దాదాపు అటే పోతోంది, అసలు అలాగే ఉంది. అబ్బాయికి ఈ అప్పు ఉన్న సంగతే తెలియదు. "ఆడికెందుకండి సెప్పడం, సదూకునేటోడికి" అన్నారాయన.

ఇలాంటి అప్పు దాచిపెట్టి వేసే లెక్క ఎంత జాగ్రత్తగా వేసినా తప్పే అవుతుంది. కారు సంగతి పక్కన పెట్టి ముందు అబ్బాయికి ఫోన్ చేయించి ఈ మాట చెప్పించాను. వీడియో కాల్‌లో అతను చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత అడిగిన మొదటి మాట, "అంకుల్, నెలకి ఎనిమిది వేలంటే ఎన్ని డాలర్లు?" తొంభై ఒకటి. కేసు అక్కడి నుంచి నడవడం మొదలైంది.

అన్నీ ఒకే కొలతకి తెచ్చాను. శాతాలు, ఏపీఆర్‌లు (ఏడాది వడ్డీ రేట్లు) తండ్రికి పట్టవు, నూటికి నెలకి ఎంత అంటే క్షణంలో పట్టేస్తారు. కార్డు: రెండు రూపాయల ఎనిమిది పైసలు. ఊళ్ళో ప్రోనోటు: రెండు రూపాయలు. డీలరు చెప్పిన కారు లోను 14.9 శాతం: రూపాయి పావలా. ఎడ్యుకేషన్ లోను: 87 పైసలు. ఈ నాలుగూ ఒక కాగితం మీద వరసగా రాసి చూపిస్తే ఆయన వేలు ఆగింది ఎడ్యుకేషన్ లోను దగ్గర కాదు, కారు లోను దగ్గర. "అంటే ఇది ఇంటి లోను కన్నా ఎక్కువా!" అన్నారు. ఇంటి మీద ఉన్న పెద్ద అప్పు భయపెడుతుంది కాబట్టి దాని వడ్డీయే ఎక్కువనుకుంటారు చాలామంది. నిజానికి ఆ నాలుగిట్లో చవకైనది అదే. దాన్ని ముందు తీర్చడానికి తొందరపడక్కర్లేదు, వాయిదా తప్పకుండా ఉంటే చాలు.

కారు అవసరమా

అవసరమే. ఇది నేను గట్టిగా చెబుతాను, ఎందుకంటే అప్పుల్లో ఉన్నవాడు కారు మాట ఎత్తగానే "ముందు అప్పు తీర్చు" అనేవాళ్ళు చాలామంది. అతను ఉండేచోటు నుంచి ఆఫీసుకి 14 మైళ్ళు, రాను పోను 28. ఆ దారిలో బస్సు లేదు. ఒక సహోద్యోగి కారులో వెళ్తూ నెలకి 180 డాలర్లు పంచుకుంటున్నాడు. ఆ సహోద్యోగి షిఫ్టు మారితే ఇతని ఉద్యోగానికే ఇబ్బంది. జీతం ఆగితే 42 లక్షల అప్పుకి వేరే ఆధారం లేదు. కాబట్టి కారు కావాలి. ఏ కారు, ఎప్పుడు, ఎవరి డబ్బుతో అన్నదే తేలాల్సింది.

ప్లగ్-ఇన్ హైబ్రిడ్ అంటే ఏమిటో తండ్రికి చెప్పక్కర్లేకపోయింది. జీవితమంతా ఇంజన్ల మధ్య గడిపిన మనిషి, యూట్యూబులో చూసేసి వచ్చారు. తెలియనివాళ్ళ కోసం రెండు మాటలు: మామూలు హైబ్రిడ్‌లో చిన్న బ్యాటరీ ఉంటుంది, బ్రేకు వేసినప్పుడూ ఇంజన్ నడిచినప్పుడూ తనే చార్జవుతుంది. ప్లగ్-ఇన్‌లో బ్యాటరీ కాస్త పెద్దది, ఇంట్లో ప్లగ్గు పెట్టి నింపుకుంటే మొదటి కొన్ని మైళ్ళు పూర్తిగా కరెంటు మీదే నడుస్తుంది. తర్వాత మామూలు హైబ్రిడ్‌లా పెట్రోలు మీద. ఈ కారులో బ్యాటరీ 8.8 యూనిట్ల కరెంటుది. అమెరికా ప్రభుత్వ రేటింగు ప్రకారం కరెంటు మీద 25 మైళ్ళు, ఆ తర్వాత గ్యాలనుకి 54 మైళ్ళు. బండి మంచిదే, అందులో సందేహం లేదు.

(మన దగ్గర ఈ రకం కార్లు లగ్జరీ కంపెనీలవే తప్ప సామాన్యుడికి అందేవి లేవు. హైరైడర్, గ్రాండ్ విటారా, ఇన్నోవా హైక్రాస్‌లలో దొరికే స్ట్రాంగ్ హైబ్రిడ్‌లకి ప్లగ్గు ఉండదు. విజయనగరంలో పాత హైబ్రిడ్ కొనాలనుకునేవాళ్ళకి చార్జింగ్ గురించి నేను కింద రాసేది వర్తించదు, అప్పు గురించి రాసేదంతా వర్తిస్తుంది.)

ప్లగ్గు వల్ల మిగిలేదెంత

అబ్బాయి పంపిన లెక్కలో "నెలకి 150 డాలర్లు సేవింగ్" అని ఉంది. దేనితో పోలిస్తే సేవింగ్ అని అడిగాను. ఒక పెద్ద ఎస్‌యూవీతో పోల్చి చేసిన వీడియో చూసి రాసుకున్నాడట. అతను ఎస్‌యూవీ కొనబోవడం లేదు. కాబట్టి ఆ పోలిక మనకి పనికిరాదు. కొనగలిగిన ఇంకో కారుతో పోల్చాలి.

ముగ్గురం కలిసి కొత్తగా వేశాం. కరెంటు మీద 25 మైళ్ళు నడవడానికి గోడ నుంచి తీసుకునేది ఆరుంపావు యూనిట్లు. యూనిట్ 15 సెంట్లు అనుకుంటే 94 సెంట్లు. అవే 25 మైళ్ళు అదే కారులో పెట్రోలు మీద నడిపితే, గ్యాలను 2.80 డాలర్ల లెక్కన 1.30 డాలర్లు. అంటే రాత్రంతా ప్లగ్గు పెట్టి ఉంచితే మిగిలేది 36 సెంట్లు. ఆ కారు పెట్రోలు మీదే అంత పొదుపుగా నడుస్తుంది కాబట్టి ప్లగ్గుకి మిగల్చడానికి పెద్దగా ఏమీ ఉండదు.

ఏడాదికి 9,500 మైళ్ళు అనుకుందాం. గ్యాలనుకి 31 మైళ్ళిచ్చే మామూలు పాత కారుకి పెట్రోలు ఖర్చు 858 డాలర్లు. ఈ ప్రియస్‌ని ఒక్కసారీ చార్జ్ చెయ్యకుండా నడిపితే 493. వీలైనప్పుడల్లా ఇంట్లో చార్జ్ చేస్తే 400. అన్నీ కలిసొచ్చినా మామూలు కారు మీద మిగిలేది ఏడాదికి 458, నెలకి 38 డాలర్లు.

ఇంట్లో చార్జ్ చేస్తే కదా. అతనుండేది అపార్టుమెంటు రెండో అంతస్తు, కారు పెట్టేది ఆరుబయట పార్కింగులో. అక్కడ ప్లగ్గు పాయింటు లేదు. ఆఫీసులోనూ లేదు. బయట చార్జింగు స్టేషన్లున్నాయి, కానీ యూనిట్ 21 సెంట్లు దాటితే ఈ కారుకి పెట్రోలే చవక. వాళ్ళ కాంప్లెక్సుకి దగ్గర్లో ఉన్న స్టేషనులో 30 సెంట్లు. అంటే ప్లగ్-ఇన్ కోసం ఎక్కువ ధర పెట్టి కొని, దాన్ని మామూలు హైబ్రిడ్‌గా నడపాలి. ఈ ఒక్క సంగతితోనే ఆ మోడల్ ఇతనికి సరిపడదని తేలిపోయింది. ఇంటి దగ్గర ప్లగ్గు లేనివాడికి ప్లగ్-ఇన్ హైబ్రిడ్ అమ్మచూపడం నాకు ఎప్పటికీ మింగుడుపడదు.

4,000 డాలర్ల పన్ను రాయితీ వస్తుందని కూడా అబ్బాయి లెక్కలో ఉంది. పాత ప్లగ్-ఇన్, ఎలక్ట్రిక్ కార్లకి అమెరికా కేంద్ర ప్రభుత్వం ఆ రాయితీ ఇచ్చిన మాట నిజం: డీలరు దగ్గర 25 వేల డాలర్ల లోపు ధరకి కొంటే, ధరలో 30 శాతం, గరిష్ఠంగా 4,000. కానీ 2025లో వచ్చిన చట్టంతో అది సెప్టెంబరు 30తో ఆగిపోయింది. మేం ఈ లెక్క వేస్తున్నది అక్టోబరులో. అతను చూసిన వీడియో పాతది. సెప్టెంబరులో అడిగి ఉంటే బేరం మారేదా? ధర తగ్గేది, ప్లగ్గు పాయింటు మాత్రం వచ్చేది కాదు.

లోను కాగితం

డీలరు ఇచ్చిన కాగితాన్ని ఫోటో తీసి పంపమన్నాను. అబ్బాయికి తెలిసింది ఒకే అంకె, నెలకి 452 డాలర్లు. కాగితంలో ఉన్నది ఇది: కారు 18,500, టెక్సస్ పన్ను 6.25 శాతం చొప్పున 1,156, టైటిలు (కారు యాజమాన్య పత్రం), కాగితాల ఖర్చు 294. ఇంతవరకు 19,950. దాని కింద చిన్న అక్షరాల్లో సర్వీసు కాంట్రాక్టు (మరమ్మతుల ఖర్చుకి), గ్యాప్ ఇన్సూరెన్సు (కారు పూర్తిగా పోతే బీమా డబ్బుకీ లోను బాకీకీ మధ్య తేడాకి) కలిపి 2,995. ఇవి రెండూ కొనేవాడి ఇష్టం మీద ఆధారపడినవి. ఎవరూ అడక్కుండానే లోనులో కలిపేశారు. అవి తీసేస్తే, చేతి నుంచి ఎలాగూ కట్టే 1,500 పోను లోను 18,450, వాయిదా 389. ఒక్క గీత కొట్టిస్తే నెలకి 63 డాలర్లు తగ్గింది.

తగ్గాక కూడా చూడండి. ఆరేళ్ళ లోను. మొత్తం కట్టేది 28 వేలు, అందులో వడ్డీయే సుమారు 9,566. మొదటి నెల వడ్డీ 229 డాలర్లు. పెట్రోలులో మిగిలేది 38. ఈ రెండు అంకెలూ పక్కపక్కన రాసి ఇచ్చాక అబ్బాయి మైలేజీ మాట మళ్ళీ ఎత్తలేదు.

మొదటి ఏడాదంతా కట్టేది 4,669. అసలులో తగ్గేది 2,058 మాత్రమే, ఇంకా 16,392 బాకీ ఉంటుంది. హైబ్రిడ్ భాగాల మీద ఆ ఏడాది మోడల్‌కి కంపెనీ వారంటీ ఎనిమిదేళ్ళు లేదా లక్ష మైళ్ళు, ఏది ముందైతే అది. 2018 బండి కాబట్టి ఇంకొన్ని నెలల్లో గడువు ముగుస్తుంది. లోను మాత్రం 2031 దాకా నడుస్తుంది. పైగా లోను మీద కొన్న కారుకి పూర్తి బీమా తప్పనిసరి, అది నెలకి 210. సొంత డబ్బుతో కొన్న పాత కారుకి చట్టం అడిగే కనీస బీమా చాలు, అతనికి చెప్పిన రేటు 95.

వాయిదా, బీమా, పెట్రోలు కలిపితే నెలకి 640 డాలర్లు. ఇంటి మీద ఉన్న 42 లక్షల అప్పు వాయిదా 644. తండ్రి కళ్ళజోడు తీసి కాగితం దగ్గరగా పెట్టుకుని చూశారు. ఇల్లంత బరువు కారుకి ఉంటుందని ఆయన ఊహించలేదు.

నేను ఇక్కడ నిజాయితీగా ఒక మాట చెప్పాలి. ఉద్యోగం ఉన్నంతకాలం అతను ఈ కారు భరించగలడు. 3,950లో అద్దె, తిండి, ఫోను, ప్రయాణం అన్నీ కలిపి 1,620 పోతే 2,330 మిగులుతోంది. కారు, ఇంటి లోను రెండూ కట్టినా చేతిలో ఇంకా వెయ్యికి పైనే ఉంటుంది. నా అభ్యంతరం కట్టలేడని కాదు. అతను ఉన్నది ఓపీటీ (విద్యార్థి వీసా మీదే ఉద్యోగం చేసుకునే అనుమతి) మీద. చదువు అయ్యాక దొరికే ఆ పన్నెండు నెలల అనుమతి 2026 జులైతో అయిపోతుంది. స్టెమ్ (సైన్సు, టెక్నాలజీ, ఇంజనీరింగు, గణితం) చదువు కాబట్టి ఇంకో 24 నెలలు పొడిగింపు అడగొచ్చు, కానీ కంపెనీ ఇ-వెరిఫైలో (ఉద్యోగుల పని అర్హత సరిచూసే ప్రభుత్వ వ్యవస్థ) నమోదై ఉండాలి, అప్పటికి ఉద్యోగం ఉండాలి. ఓపీటీ కాలంలో మొత్తం మీద 90 రోజులకి మించి ఖాళీగా ఉంటే ఉండే అర్హతే పోతుంది. తొమ్మిది నెలల భరోసా ఉన్న మనిషి ఆరేళ్ళ లోను మీద సంతకం పెట్టడం ఇది. ఉద్యోగం పోయి తిరిగి రావలసి వస్తే కారు అమ్మాలి. డీలరు దగ్గర కొన్న ధరకీ తొందరలో అమ్ముకునే ధరకీ రెండు మూడు వేలు తేడా మామూలే. అమ్మిన డబ్బు లోనుకి చాలకపోతే ఆ మిగిలింది కూడా దాసన్నపేట ఇంటి వైపే చూస్తుంది.

బంగారం మాట

ఇంతవరకు వచ్చాక తండ్రి తన ఆలోచన బయటపెట్టారు. "లోను వద్దంటే వద్దులెండి. మా ఆవిడ బంగారం ఉంది. పెట్టి పంపించేస్తాను, క్యాష్ పెట్టి కొనుక్కుంటాడు. ఉన్న బంగారం ఎందుకుందండి మరి?"

వడ్డీ వరకే చూస్తే ఆయన మాటలో న్యాయముంది. బ్యాంకు గోల్డ్ లోను వాళ్ళకి 9.5 శాతానికి వస్తోంది, నూటికి ఎనభై పైసలు. రూపాయి పావలా కన్నా ఎనభై పైసలు నయమే కదా. చాలామంది ఇక్కడే ఒప్పుకుని వెళ్ళిపోతారు. కానీ కారు ఒడిదుడుకంతా అప్పుడు పూర్తిగా ఈ ఇంటి నెత్తినే పడుతుంది. ఇల్లు ఇప్పటికే బ్యాంకు దగ్గర ఉంది. బంగారం కూడా వెళ్తే ఈ కుటుంబానికి ఆపదలో తీసే వస్తువు ఒక్కటీ మిగలదు, చిన్నమ్మాయి పెళ్ళి వయసుకొస్తోంది.

తల్లి అప్పటిదాకా ఏమీ మాట్లాడలేదు. బంగారం ఆమెది కాబట్టి ఆమెనే అడిగాను, "అమ్మా, పెట్టడానికి మీకు ఇష్టమేనా?" "పిల్లడికి అవసరమైతే పెట్టొద్దంటానా బాబూ" అంది. అప్పుడు చెప్పాను: పెట్టదలుచుకుంటే కారుకి పెట్టకండి. రెండు రూపాయల ప్రోనోటుకి పెట్టండి.

లెక్క ఇది. నాలుగు లక్షలకి ఇప్పుడు నెలకి ఎనిమిది వేలు వడ్డీ. అదే నాలుగు లక్షలు గోల్డ్ లోను తెచ్చి ప్రోనోటు తీర్చేస్తే నెలకి 3,167. మిగిలేది నెలకి 4,833 రూపాయలు, 55 డాలర్లు. ఖరీదైన ప్లగ్-ఇన్ హైబ్రిడ్ కొని, రోజూ చార్జింగ్ పెట్టి మిగుల్చుకోగలిగింది నెలకి 38. ఏ కారూ కొనకుండా, ఒక అప్పుని ఇంకో చోటికి మార్చడంతోనే అంతకన్నా ఎక్కువ మిగులుతోంది. కొత్త అప్పు ఒక్క రూపాయి పెరగలేదు. బంగారం బ్యాంకు లాకర్లో ఉంటుంది, విడిపించుకోవడానికి దారి కనబడుతూ ఉంటుంది. వడ్డీ ఎనిమిది వేలు కట్టే ఇంట్లో అసలు తగ్గే అవకాశం లేదు, మూడు వేలు కట్టే ఇంట్లో ఉంది.

ఐదు తులాలు సరిపోయాయి, మిగతాది ఇంట్లోనే ఉంది. ప్రోనోటు తీర్చే రోజున నేను కూడా వెళ్ళాను. డబ్బు లెక్కపెట్టి ఇచ్చాక అప్పిచ్చినాయన "నోటు తర్వాత వెతికి పంపిస్తాన్లెండి" అన్నారు. వద్దు, ఇప్పుడే కావాలన్నాను. బీరువాలోంచి తీయించి, వెనక వైపు అసలు వడ్డీ సహా పూర్తిగా చెల్లయినట్టు తేదీతో రాయించి, సంతకం పెట్టించి, ఆ కాగితం తండ్రి చేతికి ఇప్పించాను. రెండేళ్ళుగా కట్టిన వడ్డీల్లో ఆ నోటు వెనక రాసినవి మూడో నాలుగో మాత్రమే ఉన్నాయి. మన జిల్లాల్లో చేబదుళ్ళు, ప్రోనోట్లు ఇంకా నమ్మకం మీదే నడుస్తాయి. ఆ నమ్మకాన్ని నేను తక్కువ చెయ్యను. తీర్చిన రోజున నోటు మాత్రం ఇంటికి రావాల్సిందే.

తండ్రి చూసిన కారు

అబ్బాయి మనసు ఇంకా ఆ ప్రియస్ మీదే ఉంది. చూసి రావడానికి వెళ్ళినప్పుడు వీడియో కాల్ చేశాడు. అప్పుడు జరిగింది రాయాలి, ఎందుకంటే మిగతా పనంతా అంకెలు చేస్తే ఇది ఒక్కటి ఆ మెకానిక్ చేశారు.

"వెనక సీటు దగ్గరకెళ్ళు. బ్యాటరీకి గాలెళ్ళే జాలీ ఉంటాది, అక్కడ టార్చి కొట్టు" అన్నారు. జాలీ అంతా ధూళి, దాని మీద అట్టకట్టిన కుక్క వెంట్రుకలు. ఆ బ్యాటరీని చల్లబరిచేది ఆ దారిన వచ్చే గాలే. అది మూసుకుపోతే బ్యాటరీ వేడిలోనే పనిచేస్తుంది, వేడికి ఆయుష్షు తగ్గుతుంది. ఎన్నాళ్ళు అలా నడిచిందో చెప్పే కాగితం డీలరు దగ్గర లేదు. "గాలాడని బ్యాటరీ ఎన్నాళ్ళు బతుకుతాదిరా" అన్నారు తండ్రి. అబ్బాయి ఫోను అలాగే పట్టుకుని నిలబడ్డాడు. నేను గంటల తరబడి వేసిన వడ్డీ లెక్కల కన్నా ఆ టార్చి వెలుగే అతన్ని కదిలించిందనుకుంటున్నాను. తండ్రి మాట మీద కొడుక్కి ఉన్న గురి అది.

ఏం చేశారు

అక్టోబరులో కారు కొనలేదు. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా మిగిలినదంతా కార్డుకే వెళ్ళింది, సంవత్సరం తిరిగేలోపు కార్డు ఖాళీ అయింది. దీనికి ఇంకో లాభం ఉంది: పరిమితిలో 85 శాతం వాడేసి ఉన్న కార్డు క్రెడిట్ స్కోరుని కిందికి లాగుతుంది. డీలరు 14.9 శాతం అడగడానికి ఇది కూడా ఒక కారణమే. కార్డు తీరాక ఎప్పుడైనా లోను అవసరమైతే అంత వడ్డీ అడగరు.

అన్నీ అనుకున్నట్టు జరగలేదు. జనవరి నెలాఖరుకి ఆ సహోద్యోగి షిఫ్టు మారింది. ఫిబ్రవరి అంతా అబ్బాయి క్యాబులు, స్నేహితుల కార్లు పట్టుకుని తిరిగాడు, ఆ నెలలో ప్రయాణం ఖర్చు రెట్టింపు దాటింది. తల్లి రోజూ ఏడ్చిందట. నేను మాత్రం లోను కాగితం వైపు మళ్ళీ వెళ్ళవద్దనే చెప్పాను. నెలలో ఐదారు వందలు అదనంగా పోయినా అది ఆ నెలతో ఆగిపోతుంది.

నెలాఖరులో ఇండియా తిరిగి వచ్చేస్తున్న ఒక తెలుగు కుటుంబం 2014 కరోలా అమ్ముతోందని తెలిసింది. 1,12,000 మైళ్ళు. 6,000 డాలర్లు. ఈసారి వరస మార్చాం. ముందు టైటిలు మీద లోను, యాక్సిడెంటు ముద్ర ఏవీ లేవని చూశాడు. తర్వాత విన్ నంబరుతో (ప్రతి కారుకీ ఉండే గుర్తింపు సంఖ్య) ప్రభుత్వ సైటులో రీకాల్స్, అంటే లోపం సరిచెయ్యడానికి కంపెనీ వెనక్కి పిలిచినవి, పెండింగు ఉన్నాయేమో చూశాడు, అది ఉచితమే. తర్వాత అమ్మేవాళ్ళకి సంబంధం లేని మెకానిక్‌కి 150 ఇచ్చి పరీక్ష చేయించాడు. ఇక్కడి నుంచి తండ్రి, ఇంజన్ పూర్తిగా చల్లారి ఉన్నప్పుడు స్టార్ట్ చేయించి పొగ రంగు చూశారు, ఆయిలు మూత విప్పి లోపలి వైపు చూపించమన్నారు. టైర్లు మార్చాలని, ముందు బ్రేకు ప్యాడ్లు అరిగాయని తేల్చారు. ఆ మేరకు 250 తగ్గించారు. పన్ను, రిజిస్ట్రేషనుతో కలిపి సుమారు 6,200 అయింది. చేతిలో ఉన్నది పోను తక్కువపడిన కొంత మార్చి జీతానికి తీసుకుంటామన్నారు అమ్మినవాళ్ళు. ఆ మాట కూడా కాగితం మీద పెట్టించాను.

ఇప్పుడు కారుకి నెలకి బీమా 95, పెట్రోలు 72, మరమ్మతుల కోసం పక్కన పెట్టేది 75. మొత్తం 242. ప్రియస్ బేరం కన్నా నెలకి దాదాపు 400 తక్కువ. రేపు ఉద్యోగం పోయినా ఆ కారు మీద ఎవరికీ బాకీ లేదు. సగం ధరకి అమ్ముకున్నా వచ్చింది జేబులోకే వస్తుంది.

జూన్‌లో ఇంటి లోను వాయిదా మొదలవుతుంది. అప్పటికి మూడు వాయిదాలకి సరిపడా డబ్బు తండ్రి ఖాతాలో విడిగా ఉండేలా ఏప్రిల్, మే జీతాల నుంచి పంపుతాడు. అది ముట్టుకోకూడని డబ్బు. ఆ తర్వాత మిగిలేది గోల్డ్ లోను అసలుకి. షెడ్డు సంపాదనలో మిగులుతున్న నాలుగు వేల ఎనిమిది వందలు తండ్రి ఇప్పటికే దానికే కడుతున్నారు.

ప్లగ్-ఇన్ హైబ్రిడ్ కోరిక అబ్బాయికి పోలేదు, పోవాలని నేను అనలేదు కూడా. మూడు సంగతులు కుదిరిన రోజున మళ్ళీ లెక్క వేద్దామన్నాను: స్టెమ్ పొడిగింపు చేతికి రావాలి, బంగారం ఇంటికి రావాలి, కారు పెట్టే చోట సొంత ప్లగ్గు పాయింటు ఉండాలి. 2020 నుంచి వచ్చిన మోడల్స్‌కి ఆ కంపెనీ బ్యాటరీ వారంటీ పదేళ్ళు, లక్షన్నర మైళ్ళకి పెంచింది, సీట్లు కూడా నాలుగు కాదు ఐదు. అప్పుడు చూడాల్సింది వాటినే. వచ్చే నెల స్టెమ్ పొడిగింపు దరఖాస్తు కాగితాలు నాకూ పంపుతానన్నాడు.